రుజువైంది ఎవరి బిడ్డల మీద?

పసిబిడ్డల చావుల గురించి మన పత్రికల్లో, టీవీ చర్చల్లో, డాక్టర్ల సభల్లో సైతం ఒక వాదన స్థిరపడిపోయింది. బిడ్డల్ని బతికించే విద్య ప్రపంచానికి ఎప్పుడో తెలుసు, ధనిక దేశాల్లో ఆ విద్యతోనే బతికిస్తున్నారు, మన దగ్గర లేనివల్లా డబ్బు, యంత్రాలు, శ్రద్ధ. అవి సమకూర్చుకుంటే చాలు, ఇక్కడ మళ్లీ పరిశోధనలు దేనికి అన్నది ఆ వాదన. దాని వెంటే ఇంకో మాట వస్తుంది: అక్కడ రుజువైపోయినదాన్ని ఇక్కడి పేదపిల్లల మీద మళ్లీ పరీక్షించడం అమానుషం, మన బిడ్డలు ఎవరి ప్రయోగాలకో ఎలుకలు కారు. వినడానికి ఇందులో దయ ఉంది, ఆత్మగౌరవం ఉంది. అందుకే దీన్ని ఎవరూ గట్టిగా కాదనరు. నేను కాదంటున్నాను. ఈ వాదన బిడ్డల ప్రాణాలు తీయగలదు. ఎంతమందివి తీయగలదో లెక్కగట్టిన చోట్లలో చెన్నై ఒకటి.

ఎగ్మూరులో మద్రాసు మెడికల్ కాలేజీకి చెందిన రెండు సర్కారు ఆసుపత్రులున్నాయి. ఒకటి 1844లో మొదలైన ప్రసూతి ఆసుపత్రి, రెండోది పిల్లల ఆసుపత్రి. చెన్నై నగరానికే కాదు, సరిహద్దు దాటి సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు, నగరి ప్రాంతాల తెలుగువాళ్లకు కూడా బిడ్డ పరిస్థితి చెయ్యి దాటితే గుర్తొచ్చే పెద్దాసుపత్రి ఎగ్మూరే. అక్కడికి చేరే బిడ్డల్లో ఒక రకం గురించి ఇంటివాళ్లంతా ఒకే మాట చెబుతారు: పుట్టగానే ఏడవలేదు. నొప్పులు గంటల తరబడి సాగి, కడుపులోనే ప్రాణవాయువు అందక, బిడ్డ మెదడు దెబ్బతిని ఉంటుంది. ఒళ్లు వేలాడిపోతుంది, పాలు తాగడు, కొన్ని గంటల్లో ఫిట్స్ మొదలవుతాయి. ఒక్క 2005లోనే కాన్పు సమయంలో ఊపిరాడకా, కాన్పులో తగిలిన దెబ్బల వల్లా మన దేశంలో దాదాపు 1.9 లక్షల మంది నవజాత శిశువులు చనిపోయారని పది లక్షల మరణాల అధ్యయనం అంచనా వేసింది. బతికినవాళ్లలో ఎందరో మెడ నిలపలేక, నడవలేక, మాట రాక పెరిగారు.

ఈ బిడ్డలకు ధనిక దేశాల్లో ఒక చికిత్స దొరికింది. పుట్టిన ఆరు గంటల లోపు మొదలుపెట్టి, బిడ్డ ఒంటి వేడిని 33.5 డిగ్రీలకు దించి, 72 గంటలు అలాగే ఉంచి, ఆ తర్వాత మెల్లగా మామూలు వేడికి తెస్తారు. దెబ్బతిన్న మెదడు కణాలు ఆ చల్లదనంలో నిలదొక్కుకుంటాయన్నది ఆలోచన. 2013 నాటికి 11 ట్రయల్స్, 1,505 మంది బిడ్డల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే మరణాలూ వైకల్యాలూ రెండూ తగ్గాయని తేలింది. ఇంతకంటే గట్టి రుజువు నవజాత శిశువుల వైద్యంలో అరుదు. అమెరికాలో, బ్రిటన్‌లో అది మామూలు చికిత్స అయింది. ఆ ట్రయల్స్‌లో ఎక్కువ భాగం సంపన్న దేశాల ఆసుపత్రులవే. అయినా మన దేశంలో చాలా ఆసుపత్రులు చల్లబరచడం మొదలుపెట్టాయి. ఖరీదైన యంత్రం లేనిచోట ఐస్ ప్యాకులు, జెల్ ప్యాకులు వాడారు. మనవాళ్లు చవకైన పరుపు లాంటి పరికరాన్ని కూడా తయారుచేశారు. వాళ్లెవరినీ తప్పుపట్టను. చేతిలో ఊపిరాడని బిడ్డ ఉండి, కళ్లముందు అంత గట్టి రుజువు ఉంటే ఏ డాక్టరైనా చేసేది అదే.

అయితే కొందరు ఆగి అడిగారు: ఆ 1,505 మందిలో మనలాంటి చోట పుట్టిన బిడ్డలెందరు? లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన సుధీన్ తయ్యిల్ నాయకత్వంలో హెలిక్స్ అనే ట్రయల్ మొదలైంది. ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు పెద్దాసుపత్రులు పాల్గొన్నాయి. ఎగ్మూరు ఆసుపత్రులు రెండూ వాటిలో ఉన్నాయి. 2015 ఆగస్టు నుంచి 2019 ఫిబ్రవరి దాకా 408 మంది బిడ్డల్ని చేర్చుకున్నారు. ఏ బిడ్డను చల్లబరచాలో, ఏ బిడ్డకు మామూలు వేడిలోనే మిగతా వైద్యమంతా చేయాలో డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఐస్ ప్యాకులతో సరిపెట్టలేదు. వేడిని తనంతట తనే సరిచేసుకునే యంత్రాన్నే వాడారు. అంటే మన విమర్శకులు అడుగుతున్నట్టే, అక్కడి పరికరాన్ని అక్కడి పద్ధతిలో ఇక్కడికి తెచ్చారు.

ఫలితం 2021లో అచ్చయింది. చల్లబరచిన బిడ్డల్లో 42 శాతం చనిపోయారు. చల్లబరచనివాళ్లలో 31 శాతం. మరణం లేదా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యం, ఈ రెంటినీ కలిపి చూస్తే రెండు పక్షాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క మరణాలే చూస్తే చల్లబరచినవైపు 84, చల్లబరచనివైపు 63.

ఆ రెండంకెల మధ్య తేడాను మామూలు వార్డులో ఏ డాక్టరూ కంటితో పట్టలేడు. ఆ వార్డులో తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డలు ఎలాగూ చనిపోతుంటారు. చల్లబరచిన బిడ్డ చనిపోతే ఆలస్యంగా తెచ్చారనుకుంటాం, బతికితే చల్లబరచబట్టి బతికాడనుకుంటాం. నూటికి పదకొండు మంది అదనంగా చనిపోతున్నా, చేతులారా చేస్తున్నవాళ్లకే తెలియకుండా ఏళ్లూ పూళ్లూ గడిచిపోతాయి. తెలిసేది పక్కన పోల్చి చూడడానికి ఇంకో గుంపు ఉన్నప్పుడే. ఇక్కడ పరిశోధన వద్దనేవాళ్లు వద్దంటున్నది ఆ రెండో గుంపును. అది లేకపోతే నష్టం జరగకుండా పోదు, నష్టం కనబడకుండా పోతుంది.

అక్కడ మేలు చేసిన చల్లదనం ఇక్కడ ఎందుకు చేయలేదు? పూర్తి జవాబు ఇంకా రాలేదు. పరిశోధకులు చూపుతున్న దారి మాత్రం గట్టిది. ధనిక దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా ఒక్కసారిగా జరిగిన ఉపద్రవం వల్ల వస్తుంది. మాయ ఊడిపోవడమో, బొడ్డుతాడు జారడమో జరిగి బిడ్డకు ఊపిరి ఆగిపోతుంది, వెంటనే ఆపరేషన్ చేసి బయటకు తీస్తారు. దెబ్బ అప్పుడే తగిలింది కాబట్టి ఆరు గంటల లోపు చికిత్సకు అర్థం ఉంది. మన దగ్గర చాలామంది బిడ్డలకు దెబ్బ గంటల తరబడి, ఆగి ఆగి తగులుతుంది. హెలిక్స్ బిడ్డల మెదడు స్కాన్లలో గాయం కనబడిన తీరు కూడా వేరుగానే ఉంది. బిడ్డ పుట్టేసరికే చికిత్స వేళ దాటిపోయి ఉంటే, ఆ తర్వాత చల్లబరచడం ఇప్పటికే అలసిన ఒంటి మీద ఇంకో భారం మోపడమే.

ఇది నిజమైతే దాని అర్థం చాలా పెద్దది. ఈ బిడ్డల్ని కాపాడవలసిన చోటు ఐసీయూ నుంచి కాన్పు గదికి మారిపోతుంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె చప్పుడు ఎంతసేపటికోసారి విన్నారు, విన్నదాన్ని రాశారా, నొప్పులు పెంచే ఇంజెక్షన్ ఎవరి చేతి మీదుగా ఎంత వేగంతో వెళ్లింది, ఆపరేషన్ అవసరమని తెలిసిన క్షణానికీ కత్తి పెట్టిన క్షణానికీ మధ్య ఎంత సమయం పోయింది అన్నవి ప్రశ్నలవుతాయి. చల్లబరిచే యంత్రాలు కొనడానికి పెట్టే డబ్బు కాన్పు గదిలో ఇద్దరు నర్సుల్ని అదనంగా వేయడానికి పెడితే ఎక్కువమంది బతకవచ్చు. పరిశోధన లేకపోతే యంత్రాల కొనుగోలే సాగిపోయేది. దానికి రిబ్బను కత్తిరింపు కూడా ఉంటుంది కదా.

హెలిక్స్ ఫలితాన్ని మన దేశంలో అందరూ ఒప్పుకోలేదన్నది కూడా చెప్పాలి. ఆ ట్రయల్‌లో చేరిన బిడ్డలు చాలామంది బయట పుట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లనీ, తమ ఆసుపత్రిలోనే పుట్టిన బిడ్డలకు చల్లబరచడం పనికొస్తుందనీ కొందరు నిపుణులు వాదించారు. పుదుచ్చేరి జిప్మర్‌లో అంతకంటే చిన్న స్థాయిలో జరిగిన ట్రయల్‌లో మేలు కనబడింది కూడా. ఇది న్యాయమైన వివాదం. ఈ వివాదాన్ని తేల్చవలసింది ఇంకా జాగ్రత్తగా కట్టిన ట్రయల్సే. ఏ బిడ్డకు మేలు, ఏ బిడ్డకు కీడు అని వేరుచేయగలిగేది అవే. అక్కడ రుజువైంది కాబట్టి ఇక్కడా చేసేద్దాం అన్నవాళ్లకు ఈ వివాదంలో చోటే లేదు, ఎందుకంటే వాళ్లు ప్రశ్ననే అడగలేదు.

హెలిక్స్ ఒక్కటే మినహాయింపు అనుకునేవాళ్లకు ఆఫ్రికా అనుభవం చెప్పాలి. తీవ్రమైన జ్వరంతో షాక్‌లోకి జారుతున్న పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది పుస్తకాల్లో తిరుగులేని సూత్రం. యుగాండా, కెన్యా, టాంజానియాలలో 3,141 మంది పిల్లల మీద దాన్ని పరీక్షించారు. 2011లో ఫలితం వచ్చింది: వేగంగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల లోపు మరణాలు పది శాతం పైన, ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. డబ్బు లేక, సెలైన్ లేక పిల్లలు చనిపోతున్నారని అందరూ నమ్మిన చోట, ఆ సెలైనే కొందరి ప్రాణాలు తీస్తోందని తేలింది. వెంటిలేటర్లు, ఐసీయూలు లేని ఆ ఆసుపత్రుల్లో ఆ సూత్రాన్ని అంతకుముందు ఎవరూ పరీక్షించి చూడలేదు.

నెలలు నిండకముందే కాన్పయ్యే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే అందులో ఒకే మందు రెండు ముఖాలూ చూపింది. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి ఆ ఇంజెక్షన్ ధనిక దేశాల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉంది. పల్లెల్లో కూడా ఇస్తే లక్షల ప్రాణాలు దక్కుతాయని అందరూ అనుకున్నారు. బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాల్లో పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితం అనుకున్నదానికి తలకిందులైంది: మొత్తం మీద నవజాత మరణాలు తగ్గకపోగా పెరిగాయి. అక్కడితో మందును పారేయలేదు. గర్భం ఎన్ని వారాలదో స్కాన్‌తో కచ్చితంగా తెలిసి, బిడ్డకు మంచి సంరక్షణ దొరికే ఆసుపత్రుల్లో మాత్రమే ఇస్తే ఎలా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ పరీక్షించింది. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియాలలో 2,852 మంది తల్లులు పాల్గొన్నారు. 2020లో జవాబు వచ్చింది: ఇంజెక్షన్ ఇచ్చినవైపు నవజాత మరణాలు 19.6 శాతం, ఇవ్వనివైపు 23.5 శాతం. అదే మందు ఒకచోట కీడు, ఇంకోచోట మేలు. ఆ హద్దు ఎక్కడుందో ఏ పుస్తకంలోనూ ముందే రాసి లేదు. ఈ దేశాల తల్లులు ఒప్పుకుని చేరబట్టే అది బయటపడింది.

టీకాల సంగతీ ఇంతే. పోలియో చుక్కలు మూడు డోసులు వేస్తే చాలన్నది అక్కడి లెక్క. మన పిల్లల్లో చాలామందికి మూడు చాలడం లేదని వెల్లూరు సీఎంసీలో టి. జాకబ్ జాన్ 1972లోనే చూపించారు. ఆ మాట అప్పుడే సీరియస్‌గా తీసుకుని ఉంటే ఎందరు పిల్లల కాళ్లు నిలిచేవో. దేశంలో చివరి పోలియో కేసు రావడానికి 2011 దాకా పట్టింది.

ఇక నా ఎదుటివాళ్ల అసలు బలం ఎక్కడుందో అక్కడికే వస్తాను. పేదవాళ్లను పరిశోధనల పేరిట మోసం చేసిన చరిత్ర ఉంది. ఖమ్మం జిల్లాలో జరిగింది తెలుగువాళ్లు మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా. 2009లో భద్రాచలం తదితర మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం తక్కువని విచారణ తేల్చింది. అయితే ఆ విచారణలోనే ఇంకొకటి బయటపడింది: ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పిల్లలకు ఆ తర్వాత ఏమైందో కనిపెట్టుకునే ఏర్పాటూ సరిగా లేదు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా మందలించింది.

ఆ సంఘం నివేదికను జాగ్రత్తగా చదివినవాళ్లకు ఒక విషయం కనబడుతుంది. ఖమ్మంలో చేసినదాన్ని నిర్వాహకులు క్లినికల్ ట్రయల్ అనలేదు, అదొక ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. ట్రయల్ అని ఉంటే ప్రతి బిడ్డ తల్లిదండ్రుల అంగీకారం, ప్రతి మరణం మీద గడువులోగా నివేదిక, నష్టపరిహారం, స్వతంత్ర పర్యవేక్షణ అన్నీ తప్పనిసరి. ఆ పేరు పెట్టకపోవడంతో అవన్నీ తప్పించుకోగలిగారు. అంటే ఆ పిల్లలకు అన్యాయం జరిగింది పరిశోధన నియమాలు వాళ్లకు వర్తించకపోవడం వల్ల. ఖమ్మాన్ని చూపించి ట్రయల్స్ వద్దనేవాళ్లు, అక్కడ పిల్లల్ని కాపాడగలిగి ఉండేదాన్నే వద్దంటున్నారు. ఆ దుమారం తర్వాత, సుప్రీంకోర్టు జోక్యం తర్వాత, నియమాలు బిగిశాయి, 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. వాటిని ఇంకా బిగించమంటే నేనూ గొంతు కలుపుతాను.

ఇంకోమాట. ప్రయోగాలు పేదదేశాల పిల్లల మీదే జరుగుతాయనే నమ్మకం చరిత్ర తెలియక పుట్టింది. 1947లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, బతుకు మీద ఆశ లేని రక్త క్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇవ్వడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది 16 మంది పిల్లల సంగతి ప్రకటించాడు, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. వాళ్లు అమెరికా పిల్లలు. ఆ మందు తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలకు సారథి మన భీమవరంలో పుట్టి, ఇదే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పటినుంచి ధనిక దేశాల రక్త క్యాన్సర్ పిల్లలు తరాల తరబడి ఒక ట్రయల్ తర్వాత ఇంకో ట్రయల్‌లో చేరుతూ వచ్చారు. ఒకప్పుడు దాదాపు అందరూ చనిపోయే ఆ జబ్బు నుంచి అక్కడ ఇవాళ పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బయటపడుతున్నారంటే ఆ తల్లిదండ్రుల అంగీకారమే పునాది. తమ బిడ్డల మీద పరీక్షించి చూసుకోబట్టే వాళ్లు తమ బిడ్డల వైద్యాన్ని మెరుగుపరుచుకున్నారు. మన బిడ్డలకు ఆ హక్కు లేదని అనడం దయ కాదు.

అంగీకారం దగ్గర మాత్రం నాకు నిజంగా గుబులు ఉంది. హెలిక్స్ లాంటి ట్రయల్‌లో అంతా ఆరు గంటల లోపు జరిగిపోవాలి. తల్లి ఆపరేషన్ బల్ల మీద నుంచి అప్పుడే దిగి ఉంటుంది, లేదా బిడ్డను తెచ్చిన ఊరి ఆసుపత్రిలోనే ఉండిపోయి ఉంటుంది. తండ్రి అంబులెన్స్ దిగి నిలబడి ఉంటాడు, పక్కన అమ్మమ్మో మేనమామో ఉంటారు. బిడ్డ బతుకుతాడా లేదా అన్నది తప్ప ఇంకేదీ వాళ్ల చెవికెక్కదు. ఆ సమయంలో, చీటీ ఎటు పడితే అటు వైద్యం అంటే ఏ తండ్రికి అర్థమవుతుంది? డాక్టరు దేవుడిలా కనబడుతుంటే వద్దని ఎవరనగలరు? ఈ ప్రశ్నకు సులువైన జవాబు ఉందని నేననను. కానీ చేయదగినవి ఉన్నాయి. సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఆ పత్రం తెలుగులోనే ఉండాలి, చదివి వినిపించే మనిషి తెలుగు మాట్లాడాలి, ఆ మనిషి బిడ్డకు వైద్యం చేస్తున్న డాక్టరు కాకూడదు. చేరకపోయినా వైద్యంలో లోటు రాదని మొదటి మాటగా చెప్పాలి. గర్భిణులకు నెలనెలా పరీక్షల రోజుల్లోనే ఇలాంటి పరిశోధనలు జరుగుతున్నాయని చెప్పి ఉంచితే, ఆ రాత్రి ఆ మాట మొదటిసారి వినే అవస్థ తప్పుతుంది. ట్రయల్ ముగిశాక ఫలితం అచ్చయ్యేది ఇంగ్లీషు పత్రికలో. బిడ్డను ఇచ్చిన ఇంటికి ఆ ఫలితం చేరాలి. చనిపోయిన బిడ్డల తల్లిదండ్రులకు కూడా చేరాలి. అది కష్టమని తప్పించుకోవడం సరికాదు.

ఇంకో వర్గం వాదన వేరు. బిడ్డల్ని చంపేది పేదరికం, తిండి, నీళ్లు, ఇల్లు ఇవ్వండి చాలు, పరిశోధన అంతా విలాసం అంటారు వాళ్లు. పేదరికం చంపుతుందన్నది అక్షరాలా నిజం. పేదరికం తొలగేదాకా ఏం చేయాలన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు చెన్నైలోనే ఒక మహత్తరమైన జవాబు ఉంది. 1956లో చెట్‌పట్‌లో క్షయ చికిత్స పరిశోధన కేంద్రం తెరిచారు. క్షయ రోగిని శానిటోరియంలో పెట్టి, మంచి తిండి, విశ్రాంతి, గాలి ఇస్తేనే నయమవుతుందన్నది అప్పటి వైద్యలోకం నమ్మకం. మద్రాసు మురికివాడల్లో ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్న రోగుల్లో కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి, కొందరిని శానిటోరియంలో పెట్టి పోల్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంత బాగానే నయమైంది, ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు అదనంగా సోకలేదు. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడడానికి ఆ మద్రాసు పరిశోధన దారితీసింది. పేదరికం పోయేదాకా ఆగమని ఆ రోగులతో ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లు బతికేవారా?

తిండి సంగతి కూడా అనుకున్నంత తేలిక కాదు. విటమిన్ ఏ లోపం పిల్లల కళ్లనే కాదు, ప్రాణాలనూ తీస్తుందా అన్న ప్రశ్నకు 1990లో ఒకే ఏడాది రెండు జవాబులు వచ్చాయి. తిరుచ్చి జిల్లా పల్లెల్లో లక్ష్మీ రహ్మతుల్లా బృందం 15,419 మంది పిల్లల్ని చూసింది. వారం వారం చిన్న మోతాదులో విటమిన్ ఏ ఇస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. హైదరాబాద్ పోషకాహార సంస్థ పరిశోధకులు అదే స్థాయిలో ఇంకో పరిశోధన చేశారు. వాళ్లు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చారు, మరణాల్లో తేడా కనబడలేదు. ఒక తమిళ జిల్లా, ఒక తెలుగు ప్రాంతం, ఒకే విటమిన్. మోతాదు తేడానా, ఎన్నాళ్లకోసారి ఇచ్చారన్న తేడానా, పిల్లల్లో లోపం ఎంత ఉందన్న తేడానా? పిల్లలకు తిండి పెట్టండి అన్నంత మాత్రాన ఈ ప్రశ్న తీరదు. ఎవరికి, ఏది, ఎంత, ఎప్పుడు అన్నవి అడిగి తెలుసుకోవలసినవే.

మరి మన రెండు రాష్ట్రాల సంగతి? 2020 నమూనా నమోదు లెక్కల ప్రకారం వెయ్యి మంది పుడితే ఏడాది నిండేలోగా తమిళనాడులో 13 మంది చనిపోయారు, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. తెలంగాణ తలసరి ఆదాయం తమిళనాడుకు తక్కువేమీ కాదు. డబ్బే అంతా చేస్తుందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం నెల్లూరుకూ గుంటూరుకూ కూడా వర్తించిన చట్టమే, ఆనాటి ఆరోగ్య శాఖ అందరిదీ ఒకటే. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయాక తమిళనాడు ప్రజారోగ్యానికి విడిగా ఒక శాఖనూ, ఆ పనికే తర్ఫీదైన డాక్టర్లనూ నిలబెట్టుకుంది. కాన్పులో తల్లి చనిపోతే ఎందుకు చనిపోయిందో కూర్చుని విచారించే అలవాటు రెండు దశాబ్దాలకు పైగా అక్కడ ఉంది. ఆ అలవాటు కూడా పరిశోధనే. ఒక మరణం ముందు కూర్చుని, ఎక్కడ ఏ గంటలో ఏం చేసి ఉంటే ఇది ఆగేదని అడగడం. తేడాకు ఇదొక్కటే కారణమని నేననను, ఆడవాళ్ల చదువు, రోడ్లు, ఊరూరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కూడా ఉన్నాయి. కానీ అడిగే అలవాటు లేనిచోట మిగతావి సగం పనే చేస్తాయి.

మన వాదనల్లో లేని ఒక విమర్శ నిజానికి ఉండవలసింది. హెలిక్స్‌ను నడిపించింది లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం. ప్రశ్న అక్కడినుంచి వచ్చింది. ఆ ప్రశ్న మంచిదే కాబట్టి మేలు జరిగింది, ప్రతిసారీ అలా జరగాలని లేదు. గుంటూరు, తిరుపతి, కర్నూలు, వరంగల్ బోధనాసుపత్రుల్లో పుట్టగానే ఏడవని బిడ్డలు రోజూ చేరుతున్నారు. వాళ్ల తల్లులకు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బిడ్డ గుండె చప్పుడు చివరిసారి ఎప్పుడు విన్నారు, ఎన్ని ఆసుపత్రులు తిరిగి ఎన్ని గంటలకు చేరారు, అంబులెన్స్‌లో బిడ్డ ఒళ్లు చల్లబడిపోయిందా అన్న నాలుగు ముక్కలు ప్రతి బిడ్డకూ ఒకే రకంగా రాసి, ఏడాదికోసారి ఊరి పేర్లతో సహా బయటపెట్టడానికి లండన్ డబ్బు అక్కర్లేదు. ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో పీజీ విద్యార్థులు ఏటా వందల థీసిస్‌లు రాస్తున్నారు. ఆ నాలుగు ముక్కలు రెండేళ్లపాటు ఒకే పద్ధతిలో పోగైతే, ఏ జిల్లాలో కాన్పు గదిని సరిచేస్తే, ఏ జిల్లాలో రవాణాను సరిచేస్తే ఎందరు బతుకుతారో పరీక్షించి చూడదగ్గ ప్రశ్నలు మన చేతికి వస్తాయి. వాటిని మన తల్లుల అంగీకారంతో, మన నియమాలతో, మన డబ్బుతో పరీక్షించడానికి రెండు ప్రభుత్వాలూ ఈ బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.